ఈస్ట్ లేని రొట్టె ఎందుకు పొంగుతుంది? ఎలా చేయాలి?

ఇంట్లో బ్రెడ్ చేయాలన్న సరదా చాలామందికి ఈస్ట్ దగ్గరే ఆగిపోతుంది. ప్యాకెట్ పాతదైతే పొంగదు, పాలు మరీ వేడిగా ఉంటే చచ్చిపోతుంది, అన్నీ కుదిరినా గంటల తరబడి కాచుక్కూర్చోవాలి. ఈస్ట్ అక్కర్లేని రొట్టెలు కూడా ఉన్నాయి. వాటిని క్విక్ బ్రెడ్‌లంటారు. బనానా బ్రెడ్, మఫిన్లు, స్కోన్లు, మొక్కజొన్న పిండితో చేసే కార్న్ బ్రెడ్, ఐర్లండ్ వాళ్ల సోడా బ్రెడ్ అన్నీ ఈ కోవలోవే. ఇక్కడ సోడా బ్రెడ్‌ని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. అందులో పడేవి నాలుగే: పిండి, ఉప్పు, వంట సోడా, పులిసిన మజ్జిగ. వెన్న, గుడ్లు, పంచదార అడ్డం రావు కాబట్టి ఏది ఎందుకు జరుగుతోందో తేటగా కనిపిస్తుంది. ఇదొక్కటి చేతికొస్తే మిగతావి ఎంతో దూరంలో ఉండవు.

ఈస్ట్ లేకుండా ఎలా పొంగుతుంది?

ఏ రొట్టె పొంగాలన్నా పిండిలో గాలి బుడగలు పుట్టాలి, అవి బయటికి పారిపోకముందే చుట్టూ ఉన్న పిండి గట్టిపడాలి. ఇడ్లీ పిండిలో ఆ బుడగల్ని సూక్ష్మజీవులు రాత్రంతా కష్టపడి తయారు చేస్తాయి. బేకరీ బ్రెడ్‌లో ఈస్ట్ ఆ పని చేస్తుంది. సోడా బ్రెడ్‌లో ఆ పనికి జీవులేవీ అక్కర్లేదు. వంట సోడా అంటే సోడియం బైకార్బనేట్. అది క్షారం. పులిసిన మజ్జిగలో లాక్టిక్ ఆమ్లం ఉంటుంది. రెండూ తడిలో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ వాయువు పుడుతుంది. ఈస్ట్ ఇచ్చే వాయువు కూడా ఇదే. తేడా అంతా వేగంలోనే.

ఎంత వాయువు పుడుతుందో లెక్క వేస్తే ఆశ్చర్యం వేస్తుంది. అర టీస్పూను సోడా సుమారు రెండున్నర గ్రాములు తూగుతుంది. దానికి సరిపడా పులుపు దొరికితే దాన్నుంచి ముప్పావు లీటరుకు దగ్గరగా వాయువు వస్తుంది. పావుకిలో పిండిని పొంగించడానికి అది చాలు. పులుపు అసలు లేకపోయినా వేడికి సోడా తనంతట తాను విడిపోతుంది. అయితే అప్పుడు వచ్చే వాయువు సగమే. మిగిలిపోయేది సోడియం కార్బనేట్, అంటే బట్టల సోడా. సోడా ఎక్కువైన పిండివంటల్లో నాలుకకి తగిలే సబ్బు రుచి అదే. కాబట్టి మజ్జిగ పులుపు రుచి కోసం మాత్రమే కాదు, సోడాకి జోడీగా కూడా కావాలి.

ఈ పద్ధతి ఎక్కడ మొదలైంది?

సోడా రాకముందే అమెరికాలో కట్టెల బూడిదతో ఈ పని చేశారు. బూడిదని నీళ్లలో నానబెట్టి, ఆ తేటని మరిగించి, మిగిలిన ఉప్పుని కాల్చి శుభ్రం చేస్తే పెర్ల్ యాష్ అనే క్షారం వచ్చేది. 1796లో అమీలియా సిమన్స్ అచ్చువేయించిన 'అమెరికన్ కుకరీ' అనే వంటల పుస్తకంలో దాంతో చేసే వంటకాలున్నాయి. వంట సోడా కర్మాగారాల్లో తయారై చవకగా దొరకడం మొదలయ్యాక బూడిద పక్కకి తప్పుకుంది.

వంట సోడాని అందరికంటే గట్టిగా పట్టుకున్నవి ఐర్లండ్ పల్లెలు. 1830ల నుంచీ అక్కడ సోడా బ్రెడ్ కనిపిస్తుంది. కారణాలు చూస్తే ఇంతకంటే సహజమైన రొట్టె ఆ దేశానికి మరొకటి లేదనిపిస్తుంది. ఆ చల్లని, చిత్తడి వాతావరణంలో పండే గోధుమ మెత్తనిది. సాగే గుణం తక్కువ, ఈస్ట్ రొట్టెకి పనికిరాదు. సోడాకి మాత్రం అలాంటి పిండే కావాలి. వెన్న తీసిన ప్రతి ఇంట్లో మజ్జిగ మిగిలేది. ఓవెన్ ఉన్న ఇళ్లు తక్కువ. బాస్టిబుల్ అనే బరువైన ఇనప పాత్రలో పిండి ముద్దని పెట్టి, మూత వేసి, మూత మీద కూడా పీట్ నిప్పులు పేర్చేవారు. పీట్ అంటే అక్కడి చిత్తడి నేలల్లో తవ్వి, ఎండబెట్టి, వంటచెరకుగా వాడే మట్టి. కిందా పైనా నిప్పులతో రొట్టె కాల్చడం మనకీ కొత్త కాదు. గోదావరి జిల్లాల్లో దిబ్బరొట్టెని ఇలాగే మందపాటి గిన్నెలో, మూత మీద నిప్పులు పోసి కాల్చేవారు.

సోడాలో ఎండు ఆమ్లాన్ని ముందే కలిపి ఉంచే బేకింగ్ పౌడర్ ఆ తర్వాత వచ్చింది. ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే మందుల వ్యాపారి, తన భార్యకి ఈస్ట్ పడకపోవడంతో 1843లో దాన్ని తయారు చేశాడు. ఒక మనిషి సుఖంగా రొట్టె తినాలని మొదలైన ప్రయత్నం ఇన్ని వంటిళ్లకి చేరింది. అమెరికాలో హార్వర్డ్ ఆచార్యుడు ఎబెన్ హార్స్‌ఫర్డ్ 1856లో ఆ ఆమ్లంగా కాల్షియం ఫాస్ఫేట్ వాడే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. నేటి డబ్బాల్లో ఉండే పొడికి మూలం అదే.

మన మజ్జిగ పోస్తే సరిపోతుందా?

సరిపోదు. ఐరిష్ వంటకాల్లో చెప్పే బటర్‌మిల్క్ చిక్కగా, గట్టి పులుపుతో ఉంటుంది. మనం అన్నంలో పోసుకునే మజ్జిగలో సగానికి పైగా నీళ్లే. అది పోస్తే పిండి తడుస్తుంది గానీ సోడాకి కావలసిన పులుపు అందదు. రొట్టె దిమ్మలా కూర్చుని, లోపల పసుపు చాయ కట్టి, సబ్బు వాసన వేస్తుంది. చాలా ఇళ్లలో మొదటిసారే రొట్టె చెడడానికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. వంటకం రాసినవాళ్లు 'మజ్జిగ' అని రాసి ఊరుకోవడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

నిన్నటి పెరుగు తీసుకోండి. కవ్వంతో గిలకొట్టి, మూడు వంతుల పెరుగుకి ఒక వంతు నీళ్లు కలపండి. గరిటెతో ఎత్తి పోస్తే తెగకుండా ధారగా జారాలి. నాలుక మీద పెట్టుకుంటే పులుపు స్పష్టంగా తెలియాలి. తీయగా, కమ్మగా ఉన్న పెరుగే ఉంటే ఒక చెంచా నిమ్మరసం పిండండి. అలాంటి పెరుగు ఒక పెద్ద కప్పుడు, అంటే 240 మిల్లీలీటర్లు, అర టీస్పూను సోడాకి సరిజోడు. ఈ ఒక్క నిష్పత్తి గుర్తుంటే పుస్తకం అక్కర్లేకుండా చాలా రొట్టెలు చేయవచ్చు.

ఎక్కువసేపు కలపొద్దని ఎందుకంటారు?

రెండు కారణాలున్నాయి. ఒకటి వాయువుది. తడి తగిలిన క్షణం నుంచే సోడా, పులుపు పని మొదలుపెడతాయి. మీరు పిసుకుతున్నంతసేపూ పుట్టిన వాయువు చేతికిందే పోతూ ఉంటుంది. ఓవెన్‌లోకి వెళ్లేసరికి పొంగించడానికి మిగిలేది కొంచెమే.

రెండోది గ్లూటెన్‌ది. గోధుమ పిండిలో గ్లయాడిన్, గ్లూటెనిన్ అని రెండు రకాల మాంసకృత్తులుంటాయి. నీళ్లు తగిలి, చేయి ఆడిన కొద్దీ అవి అల్లుకుని సాగే తీగల్లా తయారవుతాయి. ఈస్ట్ బ్రెడ్‌కి ఆ అల్లిక ప్రాణం. నెమ్మదిగా పుట్టే వాయువుని గంటల తరబడి పట్టి ఉంచాలి కదా. సోడా బ్రెడ్‌కి అదే శత్రువు. ఇక్కడ వాయువు ఒక్కసారిగా వస్తుంది, అల్లిక బిగిసి ఉంటే పొంగనివ్వదు. రొట్టె బిరుసెక్కి, కొరికితే సాగుతుంది. మఫిన్లలోనైతే ఈ తప్పు కంటికే కనిపిస్తుంది. ఎక్కువ గిలకొట్టిన మఫిన్‌ని నిలువునా కోస్తే అడుగు నుంచి మొనదేరిన నెత్తి దాకా పొడుగాటి సొరంగాలుంటాయి. తీగల మధ్య దారి చేసుకుంటూ వాయువు పైకి పోయిన జాడలు అవి. పిండిలో చిన్న చిన్న ఉండలు మిగిలితే మాత్రం కంగారు పడకండి, అవి ఓవెన్‌లో కలిసిపోతాయి.

మరి మైసూర్ బోండా మాటేమిటి అని అడగాలి మీరు. అందులోనూ మైదా, పులిసిన పెరుగు, సోడా ఉన్నాయి. పిండిని చేత్తో బాగా గిలకొట్టి నానబెడతారు కూడా. అయినా గుండ్రంగా, గుల్లగా పొంగుతుంది. ఇది మంచి ప్రశ్న, క్విక్ బ్రెడ్ గుట్టంతా దీనిలో ఉంది. బోండాకి కావలసింది సాగే పిండి. వేళ్ల మధ్య నుంచి జారి, నూనెలో ఉండలా నిలబడాలంటే ఆ జిగట ఉండాలి. కొరికితే కొంచెం సాగడం కూడా దాని అందమే. పైగా బోండా చిన్నది, దాన్ని నాలుగు వైపుల నుంచీ కాగిన నూనె ఒక్కసారిగా చుట్టుముడుతుంది. లోపల మిగిలిన కాస్త వాయువు, ఆవిరి క్షణాల్లో ఉబ్బిస్తాయి. సోడా బ్రెడ్ ముద్ద పెద్దది, వేడి దాని నడిబొడ్డుకి చేరడానికి అరగంట పైన పడుతుంది. జిగట పుడితే తట్టుకోలేదు. దినుసులు ఒకటే అయినా చేతిపని తేడాతో రెండు వేర్వేరు తిండ్లు తయారవుతాయి.

అందుకే క్విక్ బ్రెడ్‌లో తొందరకి ఒక చోటు, నిదానానికి ఒక చోటు ఉన్నాయంటాను. నీళ్లు తగలక ముందు ఎంత నిదానంగా ఉంటే అంత మంచిది. కొలుచుకోవాలి, జల్లించాలి, ఓవెన్ వేడెక్కించాలి, పళ్లెం సిద్ధం చేసుకోవాలి. పెరుగు పోశాక ఫోన్ మోగినా తీయకూడదు.

చేసే వరస ఏమిటి?

ఓవెన్‌ని 200 డిగ్రీల సెల్సియస్‌కి పెట్టి కనీసం పది నిమిషాలు వేడెక్కనివ్వండి. ఇంట్లో వాడే చిన్న ఓటీజీకి ఈ కొలతలు సరిపోతాయి: మైదా 125 గ్రాములు, గోధుమ పిండి 125 గ్రాములు, తలగొట్టిన అర టీస్పూనుకి కాస్త తక్కువగా వంట సోడా, అర టీస్పూను ఉప్పు, పైన చెప్పినట్టు జారుగా చేసిన పెరుగు సుమారు 200 మిల్లీలీటర్లు.

సోడాని ముందు అరచేతిలో వేసుకుని వేలితో నలపండి. తేమకి అది చిన్న చిన్న గడ్డలు కడుతుంది. అలాంటి గడ్డ పిండిలో పడితే రొట్టెలో గోధుమరంగు మచ్చగా, నోట్లో చేదుగా మిగులుతుంది. పిండి, ఉప్పు, సోడా కలిపి రెండుసార్లు జల్లించండి. వెడల్పాటి గిన్నెలో మధ్యన గుంట చేసి పెరుగు దాదాపు అంతా ఒకేసారి పోయండి. వేళ్లు విడదీసి, గట్టిగా పెట్టి, గిన్నె అంచు వెంట వలయాలుగా తిప్పండి. పొడి పిండి కనిపించకుండా పోయిన క్షణాన ఆపేయండి. పావు నిమిషం, మహా అయితే అర నిమిషం. ముద్ద చపాతీ పిండిలా నున్నగా రాదు, రాకూడదు. గరుకుగా, చేతికి అంటుకుంటూ, ఆకారం నిలబడేలా ఉంటే సరిగ్గా వచ్చినట్టే.

పొడి పిండి చల్లిన బల్ల మీద వేసి, ఒకసారి తిప్పి, రెండంగుళాల మందాన గుండ్రంగా సర్దండి. పదునైన కత్తితో పై నుంచి దాదాపు సగం లోతుకి ప్లస్ గుర్తులా గాటు పెట్టండి. ఐర్లండ్‌లో పెద్దవాళ్లు దీన్ని దీవెన అనేవారు, దెయ్యాలు పోయేందుకు దారి అనీ అనేవారు. వంట పరంగా దీని పని వేరు. పైపొర ముందే గట్టిపడినా గాటు దగ్గర రొట్టె విచ్చుకోగలుగుతుంది, మధ్య భాగానికి వేడి తొందరగా చేరుతుంది. గాటు లేని ముద్ద పక్కన ఎక్కడో పగులుతుంది, నడుమ పచ్చిగా మిగులుతుంది.

35 నుంచి 40 నిమిషాలు పడుతుంది. ఉడికిందో లేదో పుల్ల గుచ్చి చూడటం బనానా బ్రెడ్‌కి బాగుంటుంది. దీనికి మాత్రం చెవి మేలు. గుడ్డతో పట్టుకుని తిరగేసి, అడుగున వేలి కణుపుతో తట్టండి. డొల్ల చప్పుడు రావాలి. మొద్దు చప్పుడొస్తే ఇంకో ఐదు నిమిషాలు. థర్మామీటర్ ఉంటే నడుమ 93 నుంచి 96 డిగ్రీలు చూపించాలి. దించగానే కోయొద్దు. లోపల పిండిపదార్థం ఇంకా జిగురుగానే ఉంటుంది, చల్లారుతూ గట్టిపడుతుంది. వేడిమీద కోస్తే కత్తికి ముద్దగా అంటుకుని, బాగా ఉడికిన రొట్టె కూడా పచ్చిగా అనిపిస్తుంది. ఓ అరగంట ఆగండి.

మొత్తం గోధుమ పిండితోనే చేయకూడదా?

చేయవచ్చు, రొట్టె బరువుగా వస్తుందని తెలిసి చేయండి. మన మరల్లో రాళ్ల మధ్య నలిగిన పిండిలో పిండిపదార్థం బాగా దెబ్బతిని ఉంటుంది, అది నీళ్లు ఎక్కువ పీలుస్తుంది. చపాతీ మెత్తగా రావడానికి అదే కారణం. రొట్టెకి పెరుగు ఇంకో రెండు మూడు చెంచాలు ఎక్కువ పడుతుంది. తవుడు ముక్కలు బుడగల గోడల్ని చీలుస్తాయి కాబట్టి పొంగు తగ్గుతుంది. నాకు సగం సగమే నచ్చుతుంది. గోధుమ రుచి పోదు, గుల్లదనమూ ఉంటుంది. రాగి, జొన్న పిండి నాలుగో వంతు మించితే రొట్టె విరిగిపోతుంది, వాటిలో గ్లూటెన్ లేదు.

ఓవెన్ లేనివాళ్ల సంగతేమిటి?

బాస్టిబుల్ కథ చెప్పింది అందుకే. మందపాటి ఇనప మూకుడు, దానికి బిగుతుగా కూర్చునే బరువైన మూత ఉంటే చాలు. మధ్య మంట మీద పది నిమిషాలు కాగనిచ్చి, లోపల ఎత్తు స్టాండు పెట్టి, దాని మీద పళ్లెంలో ముద్ద పెట్టి మూసేయండి. మంట సన్నం చేసి 45 నిమిషాల దాకా ఉంచాలి. పైన ఎర్రగా కాలదు, కనుక చివర్లో తిరగేసి పెనం మీద నాలుగైదు నిమిషాలు కాల్చండి. ప్రెషర్ కుక్కర్ వాడేవాళ్లు రబ్బరు, విజిల్ తప్పనిసరిగా తీసేయాలి. ఖాళీ కుక్కర్‌ని మంట మీద పెట్టొద్దని కొన్ని కంపెనీలు చెబుతాయి, అది చదివాకే మొదలుపెట్టండి.

ఎలా చేసినా పాత్ర ముందే కాగి ఉండాలన్నది మాత్రం మారదు. చల్లటి పాత్రలో పెడితే వేడెక్కే లోపు వాయువంతా తప్పించుకుపోతుంది. బుడగల చుట్టూ పిండి ఉడికి నిలబడేది 60 డిగ్రీలు దాటాకే.

సోడా ఎక్కువైందని ఎలా తెలుసుకోవాలి?

పసుపు చెబుతుంది. రొట్టె లోపలి మెత్తని భాగం కొంచెం తీసి, రెండు చుక్కల నీళ్లతో తడిపి, చిటికెడు పసుపు అద్దండి. పసుపుగానే ఉంటే పులుపు, సోడా సరిపోయాయి. ఇటుక రంగుకి తిరిగితే క్షారం మిగిలిపోయిందన్నమాట. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడేది కూడా ఇందుకే. ఎర్రబడితే తర్వాతిసారి సోడా పెంచకండి, పెరుగుని ఇంకా పులవనివ్వండి. పొంగలేదని ఇంకో అర చెంచా సోడా దట్టించడం మన వంటిళ్లలో బాగా పాతుకుపోయిన పొరపాటు. అది రుచిని చెడగొడుతుంది, ఒంటికీ మంచిది కాదు. అర టీస్పూను సోడాలోనే 600 మిల్లీగ్రాముల పైగా సోడియం ఉంటుంది, ఉప్పుది వేరు. రక్తపోటు ఉన్నవాళ్లు ఈ రెంటినీ కలిపి లెక్కవేసుకోవాలి.

పొద్దుతిరుగుడు గింజలు కలిపిన రొట్టె చల్లారాక గింజల చుట్టూ పచ్చబడితే బూజు పట్టిందని పారేయకండి. గింజల్లోని క్లోరోజెనిక్ ఆమ్లం క్షారంతో కలిస్తే ఆ రంగొస్తుంది, తినడానికి ఏ ఇబ్బందీ లేదు.

బేకింగ్ పౌడర్ వేస్తే సోడా మానేయొచ్చా?

బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు ఎండు ఆమ్లం, తేమ పీల్చుకోవడానికి కాస్త పిండిపదార్థం కలిపి ఉంటాయి. పెరుగు, నిమ్మరసం లాంటి పులుపు పడని వంటకాలకి అది కావాలి. ఇప్పటి పొడులు చాలావరకు రెండు విడతలుగా పనిచేస్తాయి, తడి తగిలినప్పుడు కొంత, వేడి తగిలాక మిగతాది. అందుకే బేకింగ్ పౌడర్ పిండి కొన్ని నిమిషాలు ఆగగలదు, సోడా పిండి ఆగలేదు. బలంలో సోడా దానికి మూడు నాలుగు రెట్లు. ఒక కప్పు పిండికి పౌడర్ ఒక టీస్పూను, సోడా అయితే పావు టీస్పూను.

కోస్తా ఊళ్ల తేమకి రెండూ చెడిపోవచ్చు, ముఖ్యంగా బేకింగ్ పౌడర్. వేడినీళ్లలో అర చెంచా పౌడర్ వేస్తే బుసబుసా పొంగాలి. సోడా మీద నిమ్మరసం పిండితే అలాగే నురగ రావాలి. సద్దు లేకపోతే డబ్బా మార్చండి.

బనానా బ్రెడ్‌కి ఏ అరటిపండు?

తొక్క నల్లబడి, చేత్తో నొక్కితే కుంగేది. పండే కొద్దీ పిండిపదార్థం పంచదారగా మారుతుంది, కాబట్టి పచ్చి వాసన పోయి తీపి, సువాసన వస్తాయి. అమృతపాణి, చక్కెరకేళి రెండూ బాగుంటాయి. పండులో పులుపు తక్కువ కనుక రెండు చెంచాల పెరుగు కలిపితే సోడాకి తోడుంటుంది. సోడా వల్ల ఇంకో లాభం కూడా ఉంది. క్షారంలో మాంసకృత్తులు, పంచదార కలిసి ఎర్రబడే చర్య వేగంగా జరుగుతుంది, బనానా బ్రెడ్‌కి ఆ ముదురు రంగు అలా వస్తుంది. ఇందులో నూనె లేదా వెన్న పడుతుంది. కొవ్వు గ్లూటెన్‌ని అల్లుకోనివ్వదు, అందుకే సోడా బ్రెడ్ కంటే ఇది పొరపాట్లని ఎక్కువ మన్నిస్తుంది. మొదటిసారి చేసేవాళ్లు దీనితో మొదలుపెట్టినా తప్పులేదు.

ఎన్నాళ్లు నిలవుంటుంది?

సోడా బ్రెడ్ ఆ రోజు తినాల్సిందే. కొవ్వు లేదు కాబట్టి మర్నాటికే ఎండిపోతుంది. ఫ్రిజ్‌లో పెడితే ఇంకా తొందరగా గట్టిపడుతుంది, ఆ చల్లదనంలో పిండిపదార్థం మళ్లీ బిగుసుకుంటుంది. చల్లారాక పలచని గుడ్డ చుట్టి బయటే ఉంచండి. రెండో రోజుకి మిగిలితే అర అంగుళం ముక్కలు కోసి, పెనం మీద నెయ్యి రాసి కాల్చుకుంటే పప్పుచారులోకి చక్కగా ఉంటుంది. వానాకాలంలో బయట బూజు పడుతుంది కనుక ముక్కలుగా కోసి డీప్ ఫ్రీజర్‌లో పెట్టుకోండి. కావలసినప్పుడు తీసి, కరగనివ్వకుండా నేరుగా పెనం మీద వేయవచ్చు.